బీడీ కాలినంతసేపు

నేను పనిచేసి రిటైరైన ఆదోని ఆసుపత్రికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు ఎమ్మిగనూరులోని మా ఇంటికి వచ్చి, అనుభవాలు చెప్పమని అడుగుతుంటారు. నిజానికి వాళ్లు వచ్చేది మా ఆవిడ కాఫీ కోసం. నా అనుభవాలు ఆ కాఫీలోకి నంజుకోవడానికి. అయినా అడిగారు గనక, వాళ్లు మళ్లీ మళ్లీ బస్సెక్కి రావలసిన పని లేకుండా కొంత రాసిపెడుతున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా. ఉద్యోగంలో ఉండగా నేను బాగా ఎదిగింది నడుము దగ్గరే.

రాయదలచుకున్నది ఒక అవయవం గురించి, ఒక అన్నదమ్ముల జంట గురించి.

గ్రంథి, గ్రంథాలు

క్లోమం అనే గ్రంథి కడుపు వెనకాల, వెన్నెముక ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. తిన్నది అరగడానికి రసం పంపుతుంది, నెత్తురులోని చక్కెరను అదుపులో పెట్టడానికి ఇన్సులిన్ పంపుతుంది. పెళ్లిలో వంటవాళ్లలాగా అన్నమాట. అందరికీ వడ్డన అందుతుంది, వాళ్ల మొహం మాత్రం ఎవరికీ తెలియదు. దానికి క్యాన్సర్ వచ్చినా అంతే, చాలాకాలం కిక్కురుమనదు. కిక్కురుమనేసరికి చాలామందిలో ఆపరేషన్ చేసే దశ దాటిపోయి ఉంటుంది. గ్రంథాలు తిరగేసి పరీక్షలు పాసయ్యాను గానీ, ఈ గ్రంథి ముందు నేనెప్పుడూ వెనక బెంచీ విద్యార్థినే.

పొగతాగేవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం తాగనివాళ్లకంటే ఇంచుమించు రెట్టింపు అని పుస్తకాలన్నీ ఒప్పుకుంటాయి. బీడీ కూడా పొగే. ఆకులో చుట్టినంత మాత్రాన అది ఆకుకూర కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకొక పెద్ద డాక్టరు ఉండేవాడు. కోపిష్ఠి. ఆయన తిట్లకు భయపడి స్టెతస్కోపు చెవుల్లోనే ఉంచుకుని తిరిగేవాళ్లం. ఒకరోజు నేను ఒక రోగిని "రోజుకు ఎన్ని బీడీలు తాగుతావు?" అని అడుగుతుంటే విని, పక్కకు పిలిచాడు. "ఎన్ని అని అడిగితే వాడు సగం చెబుతాడు. ఎప్పుడు తాగుతావని అడుగు. అప్పుడు వాడి బతుకంతా చెబుతాడు" అన్నాడు. బుద్ధిగా తలూపాను. కేసు షీటులో మాత్రం ఎన్ని అని రాయడానికే గడి ఉంది. నేను గడి చూసి అడిగే రకం.

శ్రావణంలో మానేసే మనిషి

ఉరుకుందప్ప ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. మోయడంలో అతని పేరు గట్టిది. భార్య లక్ష్మమ్మ మార్కెట్ యార్డు గేటు పక్కన బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మేది. ఎమ్మిగనూరు బస్సు నన్ను దింపేది ఆ బండికి నాలుగు అడుగుల దూరంలోనే. రోగులకు నూనె తగ్గించమని చెప్పవలసిన మనిషిని, చెప్పడానికి ఓపిక కావాలి గదా అని ముందుగా నాలుగు బజ్జీలు తిని పోయేవాణ్ని.

అతనికి తమ్ముడొకడు, ఈరన్న. తల్లి పోయాక అన్నావదినలే పెంచారు. అన్న వెంటే యార్డులో చేరి, అన్న వెంటే మూటలెత్తి, అన్న వెంటే బీడీ తాగేవాడు.

ఉరుకుందప్ప ఏటా శ్రావణమాసం ఉరుకుంద ఈరన్నస్వామికి ఒక్కపొద్దులుండేవాడు. మాంసం లేదు, మందు లేదు, బీడీ లేదు. నెల అయ్యాక మళ్లీ మొదలు. ఒక నెల మానగలిగినవాడివి పన్నెండు నెలలూ మానలేవా అని నేను, దానికి స్వామి శక్తి కావాలి సార్ అని అతను, ఏడాదికొకసారి ఈ సంవాదం మా ఇద్దరికీ పండుగలాగా వచ్చిపోయేది.

ఆ ఏడు శ్రావణంలో అతను బాగా చిక్కాడు. నడుముకు కట్టిన మొలతాడు జారుతోందని చెప్పి, స్వామి ఒంట్లో కొవ్వంతా తీసేసినాడని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది, మాంసం తింటున్నాడు, అయినా మనిషి తగ్గుతూనే ఉన్నాడు. ఊళ్లో ఎవరో రక్తం పరీక్ష చేసి చక్కెర జబ్బు అని మాత్రలిచ్చారు. తగ్గడానికి కారణం దొరికిందనుకున్నారు. దీపావళికి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు పోయించారు, ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టారు. పచ్చదనం ముదిరి, ఒళ్లంతా దురద పట్టి, రాత్రింబవళ్లు గోక్కుంటుంటే, అప్పుడు లక్ష్మమ్మ అతన్ని నా దగ్గరికి తెచ్చింది.

కుర్ర డాక్టర్లూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సన్నటి మనిషికి, వయసు మళ్లాక, ఇంట్లో ఎవరికీ లేని చక్కెర జబ్బు హఠాత్తుగా వచ్చి, దాంతోపాటు బరువు తగ్గుతుంటే మాత్ర రాసి చేతులు కడుక్కోకండి. నడుంలోకి పాకే కడుపునొప్పికి గ్యాస్ అని పేరు పెట్టేసి పంపకండి. అందరికీ ఇదే అయి ఉండదు, చాలామందికి కాదు. కానీ క్లోమం వైపు ఒకసారి చూడండి. ఉరుకుందప్ప నా దగ్గరికి రాకముందే ఇదంతా జరిగిపోయింది. స్కానింగుకు కర్నూలు పంపితే, గడ్డ క్లోమం తలభాగంలో ఉండి పైత్యరసం దారిని మూసేసిందని, పక్కనున్న రక్తనాళాలను కూడా చుట్టుకుందని, కోసి తీసే వీలు లేదని తేలింది.

లక్ష్మమ్మ అడిగిన ప్రశ్న

కాగితాలు పట్టుకుని ముగ్గురూ వచ్చారు. ఉరుకుందప్పను బయట బల్ల మీద కూర్చోబెట్టి, లక్ష్మమ్మా ఈరన్నా లోపలికి వచ్చి, ఆయనకు చెప్పొద్దన్నారు. ఇంతలో తలుపు తోసుకుని అతనే వచ్చి కూర్చున్నాడు.

"నా కడుపులో ఉండేది నాకు సెప్పేకి మీకేమప్పా నొప్పి?" అన్నాడు.

చెప్పాను. నయం చేసే దారి లేదని, పైత్యం దారిలో చిన్న గొట్టం వేస్తే కామెర్లూ దురదా తగ్గుతాయని, నొప్పికి మందులున్నాయని, కొన్ని నెలలు కొంచెం సుఖంగా గడవొచ్చని. అతను తల ఊపుతూ విన్నాడు. దురద తగ్గుతుందన్న మాట దగ్గర మాత్రం మొహం వెలిగింది. మిగతాదంతా తర్వాత చూసుకుందామన్నట్టు.

లక్ష్మమ్మ ఏడవలేదు. చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. అలాగే అడిగింది.

"దినామూ మిగిలిపోయిన బజ్జీలన్నీ ఆయప్పే తినేటోడు సార్. పారేసేకి మనసొప్పేది కాదు నాకు. నా సేతి తిండికే వచ్చిందా ఇది?"

ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు ఎదురైన గట్టి ప్రశ్నల్లో అది ఒకటి. తొందరగా కాదనేస్తే ఓదార్పని అనుకుంటుంది, నమ్మదు. పుస్తకం విప్పితే గాయం మీద కారం చల్లినట్టవుతుంది. నాకు తెలిసింది తెలిసినట్టే చెప్పాను. ఒళ్లు బాగా పెరగడం ఈ జబ్బుకు ఒక కారణమని తేలింది, ఉరుకుందప్ప ఒంటిమీద ఎన్నడూ కండ తప్ప కొవ్వు లేదు. విపరీతంగా తాగి క్లోమం పాడుచేసుకున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ, అతను పండక్కి తాగేవాడే గానీ తాగుబోతు కాదు. ఎర్ర మాంసం ఎక్కువ తినేవాళ్లకు ఉండొచ్చంటారు, అది కూడా గట్టిగా తేలలేదు. కూరలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యం తినేవాళ్లకు కొంత మేలంటారు, రాదని హామీ ఎవరూ ఇవ్వరు. మిరపకాయ మీదైతే రుజువే లేదు. పొగ మీద మాత్రం ఉంది. అయినా, పొగ తాగిన ప్రతివాడికీ రాదు, తాగనివాళ్లకూ వస్తుంది. ఒక మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని ఏ డాక్టరూ వేలు పెట్టి చూపలేడు.

"అంటే నా సేతిది కాదంటారా?"

"కాదమ్మా. నీ బజ్జీ నేరం చేసిందని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఉంటే నేను ఇన్నేళ్లూ తినేవాణ్నా?"

ఆమె నా పొట్ట వైపు చూసింది. అంత దుఃఖంలోనూ పెదవి చివర కొంచెం కదిలింది. "మీరు వేరే బండికాడ కూడా తింటారు సార్, నాకు తెలుసు" అంది.

అప్పుడు ఉరుకుందప్ప తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "నాది అయిపోయింది సార్. ఈన్తో బీడీ మానిపిచ్చండి" అన్నాడు.

నా ఉపన్యాసం నాకు కంఠస్థం. మానిన రోజునుంచే మేలు మొదలవుతుందనీ, ఏళ్లు గడిచేకొద్దీ ప్రమాదం తగ్గుతూ వస్తుందనీ అందుకున్నాను. రోజుకు ఎన్ని తాగుతావని అడగబోయి, ఎందుకో ఆ కోపిష్ఠి పెద్దాయన గుర్తొచ్చి, మాట మార్చాను.

"ఎప్పుడెప్పుడు తాగుతావు ఈరన్నా?"

"కూసోవల్ల అనిపించినప్పుడు సార్."

కూర్చోవాలనిపించడానికీ బీడీకీ సంబంధమేమిటో అర్థం కాలేదన్నాను. అతను నాకు యార్డు సంగతి చెప్పాడు. లోపలంతా పత్తి, కాబట్టి నిప్పు కూడదు. బీడీ తాగాలంటే గేటు బయటికి రావాలి. బీడీకి పోతానంటే మేస్త్రీ కాదనడు, ఆయనా తాగేవాడే. అది కాలినంతసేపు గోడవార కూర్చోవచ్చు, ఆరగానే లేవాలి. బీడీ లేకుండా కూర్చున్నవాడిని మాత్రం "ఊరికే కూసున్నావేమప్పా?" అంటారు. హమాలీకి అంతకు మించిన తిట్టు లేదు. ఆ మాట పడ్డవాణ్ని మర్నాడు జట్టులోకి పిలవరు.

"మానేది పెద్ద పని కాదు సార్. మానితే నేను కూసునేది యెప్పుడో మీరే సెప్పండి" అన్నాడు ఈరన్న.

నాకప్పుడు శ్రావణమాసం అర్థమైంది. ఆ నెల మార్కెట్టుకు పత్తి రాదు. మూటలుండవు, మోత ఉండదు, కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పత్తి వచ్చిందంటే బీడీ వస్తుంది. నేను ఏటేటా వాదించింది భక్తితో కాదు, సీజనుతో.

అప్పుడు ఉరుకుందప్ప, మా వైపు చూడకుండా చెప్పాడు. ఈరన్న చేరిన కొత్తలో మూట కింద వాడి కాళ్లు వణకడం చూశాడట. కూర్చోమందామంటే తిడతారు. అందుకని తన బీడీ వాడి చేతిలో పెట్టి, ఇది పట్టుకో, ఎవరూ ఏమీ అనరు అన్నాడట. తాగకపోయినా పర్లేదు, ఊరికే పట్టుకో అన్నాడట.

"నేనే ఇచ్చినాను సార్ వానికి. నేనే తీసుకోవల్ల" అన్నాడు.

పలకరింపులు

గొట్టం వేయించుకుని వచ్చాక అతని కళ్లు తెల్లబడ్డాయి, దురద పోయింది. అన్నం కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినమన్నాను. తిన్నది అరగడానికి మాత్రలిచ్చాను. ఇలాంటి రోగికి ఆ మాత్రలు అవసరమని చాలామంది మరిచిపోతారు, మీరు మరవకండి. నోరు కట్టే పథ్యాలన్నీ తీసిపారేయమన్నాను. వచ్చాక జాగ్రత్తపడే పథ్యం కంటే రాకముందు తినే తిండి ముఖ్యం. వచ్చాక మనిషికి ఏది రుచిస్తే అదే మందు.

పత్తి జోరుగా వస్తున్న రోజులవి. ఒక ఉదయం బస్సు దిగితే, ఉరుకుందప్ప లక్ష్మమ్మ బండి పక్కన, గోడవార, మడిచిన గోనెసంచి మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఇంట్లో పడుకోక ఇక్కడేమిటని అడిగితే, ఇంట్లో గోడలు మాట్లాడవు సార్ అన్నాడు. నేను ఉగ్గాని చెప్పి, బజ్జీ చెప్పకుండా నాలుక మీద కాలు పెట్టి తొక్కుతున్న సమయంలో, హమాలీలు బీడీకని బయటికొచ్చారు. ఈరన్న జేబులో చెయ్యి పెట్టబోతుంటే అన్న పిలిచాడు.

"రేయ్ ఈరా. ఇట్ల రా. నా పక్కన కూసో."

ఈరన్న వచ్చి కూర్చున్నాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. మేస్త్రీ నాగప్ప గేటు దగ్గర నిలబడి చూశాడు. చెడ్డవాడు కాదు, పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసినవాడు.

"ఏమప్పా ఈరన్నా, బీడీ లేదు ఏం లేదు, ఊరికే కూసున్నావు?"

ఈరన్న లేవబోయాడు. అన్న చెయ్యి అతని మోకాలి మీద పడింది. ఎముకలు తేలిన ఆ చెయ్యికి ఎంత బలముంటుంది? అయినా ఈరన్న లేవలేదు.

"వాడు ఊరికే యాడ కూసున్నాడు నాగప్పా? నన్ను పలకరించేకి వచ్చినాడు" అన్నాడు ఉరుకుందప్ప. "జబ్బు మనిషిని సూసేకి వచ్చినోన్ని లెయ్యమంటారా యాడన్నా?"

నాగప్ప మీసం సవరించుకున్నాడు. "ఎంతసేపు పలకరిస్తాడు?" అన్నాడు.

"బీడీ కాలినంతసేపు."

లక్ష్మమ్మ మజ్జిగ గ్లాసు ఒకటి మరిది చేతికి ఇచ్చింది, ఇంకొకటి మేస్త్రీకి ఇచ్చింది. మజ్జిగ తాగుతూ కోపంగా ఉండటం ఎవరికీ చేతకాదు.

అలా మొదలైంది. ఈరన్న రోజూ అన్నను పలకరించడానికి వచ్చి కూర్చునేవాడు. కొన్నాళ్లకు మిగతావాళ్లు కూడా మొదలుపెట్టారు. ఆదోని మార్కెట్లో అంతగా పరామర్శలు అందుకున్న రోగి ఇంకొకడు ఉండడు. ఒకసారి నా ఎదురుగానే ఒక హమాలీ గోనెసంచి మీద చతికిలబడి, "అన్నా, నాకు ఈపొద్దు నీమీద శానా బాధగా ఉండాది. ఇంకొంచేపు పలకరిస్తా" అన్నాడు. ఉరుకుందప్ప నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకున్నాడు.

ఈరన్న ఒక్కసారిగా మానాడని రాస్తే మీరు నమ్మకూడదు. మూడునాలుగు సార్లు జారాడు. ఒకరోజు వాసన రాకుండా పచ్చి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, నమిలి వచ్చి కూర్చుంటే, అన్న ముక్కు ఎగబీల్చి, "ఎర్రగడ్డ బీడీ ఎప్పుడొచ్చిందిరా మార్కెట్లోకి?" అన్నాడు. తిట్టలేదు. జారినవాణ్ని తిట్టకండి. తిడితే మీ దగ్గరికి రావడం మానేస్తాడు, బీడీ మానడు. మళ్లీ మళ్లీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ పని నేను చేసినదానికంటే ఉరుకుందప్ప బాగా చేశాడు. అతనికి ఉన్న తొందర నాకు లేదు మరి.

మాఘంలో నొప్పి పెరిగింది. నేను మందు మార్చాను. బండి దాకా నడవలేనప్పుడు ఈరన్నే వీపున ఎక్కించుకుని తెచ్చేవాడు. అన్నా, నువ్వు అరమూట బరువు కూడా లేవు, కూలి గిట్టదు అనేవాడు. అన్న అతని మెడ మీద చెంప ఆనించి, గేటు వచ్చేదాకా కళ్లు మూసుకునేవాడు.

శివరాత్రి ముందు వారంలో పోయాడు. ఇంట్లో, నిద్రలో, భార్యా తమ్ముడూ పక్కనుండగా. నొప్పి లేకుండా పంపగలిగాను. ఆ ఒక్కటే నేను చేసింది.

ఆ తర్వాత

నన్ను చాలాకాలం వేధించిన అనుమానం ఒకటుంది. జబ్బు మనిషి ఉన్నంతకాలం పలకరింపు ఉంది. మనిషే పోయాక ఈరన్న దేనికని వచ్చి కూర్చుంటాడు? కాళ్లు అవే, మూటలు అవే. జేబులో మళ్లీ బీడీకట్ట చేరడానికి ఎంతసేపు?

దినాలయ్యాక లక్ష్మమ్మ బండి మళ్లీ పెట్టింది. బజ్జీలు మానేస్తానంటే నేనే వద్దన్నాను. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచకుండా మార్చుకోమని, జొన్నరొట్టె, ఆకుకూర కూడా పెట్టమని చెప్పాను. ఆరోగ్యం కోసం చెప్పాననుకుంది. నా కోసం కూడా చెప్పాను.

ఎండలు ముదిరాయి, పత్తి ఇంకా వస్తూనే ఉంది. ఒకరోజు బస్సు దిగి బండి దగ్గర రొట్టె తింటున్నాను. హమాలీలు బయటికొచ్చారు. కొందరు గోడవతల బీడీలు వెలిగించారు. లోకం ఒక్క శివరాత్రితో మారిపోదు. ఈరన్న మాత్రం ఇటువైపు వచ్చాడు. అన్న కూర్చునే గోనెసంచి ఇంకా అక్కడే, అలాగే మడిచి ఉంది. దాని మీద కాకుండా, దాని పక్కన, ఎప్పుడూ తను కూర్చునే చోట కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఏమీ తాగడం లేదు, ఏమీ తినడం లేదు.

గేటు దగ్గర నాగప్ప నిలబడి ఉన్నాడు. నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"ఏం ఈరన్నా, ఏం చేస్తున్నావు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

అతను నావైపు చూశాడు, గోనెసంచి వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు. కాళ్లు ఇంకొంచెం చాపుకున్నాడు.

"ఊరికే కూసున్నా సార్" అన్నాడు, గేటు దాకా వినబడేటట్టు.

నాగప్ప విన్నాడు. లోపలికి తిరిగి, వాళ్లొచ్చేదాకా లారీ కాసేపు ఆగనీ అని ఎవరికో కేకేశాడు.